గని దారి: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలో పాడుబడ్డ పట్టణాలు, పాత గనులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య నేల రెండు రకాల రాయి మీద ఉంది. ఉత్తరాన తిరుమలగిరి, నాగారం, అర్వపల్లి వైపు గ్రానైటు గుట్టలు, వాటి నడుమ చెరువులు. దక్షిణాన హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు దాటి కృష్ణ వైపు దిగేకొద్దీ పొరలు పొరలుగా సున్నపురాయి. సాగర్ ఎడమ కాలువ రాకముందు ఇందులో ఎక్కువ భాగం మెట్ట. ఇలాంటి నేల మీద పెద్ద పట్టణం నిలవాలంటే పంట ఒక్కటే చాలేది కాదు. రాజు చేసిన దానమో, వర్తకులు నడిచే దారో, మట్టిలో దొరికే విలువైన రాయో తోడుండాలి. ఆ తోడు తప్పినప్పుడు పట్టణం ఖాళీ అయింది. రెండు వేల ఏళ్లలో ఈ సీమలో అలా ఖాళీ అయినవి చాలానే ఉన్నాయి. కొన్ని గుట్టల మీద మిగిలాయి, కొన్ని పొలాల్లో కలిశాయి, పేరున్నవి కొన్ని ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా నీటి కిందికి పోయాయి.

పాడుబడ్డ ఊరిని గుర్తుపట్టడం ఇక్కడి రైతుకు కష్టం కాదు. చుట్టూ ఉన్న చెలకల కంటే కాస్త ఎత్తుగా, బూడిద రంగు మట్టితో ఉన్న దిబ్బను పాటిగడ్డ అంటారు. దున్నితే పెంకులు, పూసలు, పెద్ద పెద్ద ఇటుక ముక్కలు బయటపడతాయి. పక్కన పూడిపోయిన బావి, చెట్టు కింద ఒక వీరగల్లు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పన్ను లెక్కలో పేరు మిగిలి మనుషులు మిగలని ఊరిని నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు బేచిరాక్ గ్రామం అని రాశాయి. పాటిమట్టి పొలానికి మంచి ఎరువు. అందుకే తరతరాలుగా బండ్ల కొద్దీ తోలి చేలల్లో చల్లారు. వందల ఏళ్ల కాపురం మీద పేరుకున్న పొరలు అలా తెలియకుండానే చెదిరిపోయాయి. ఈ సీమ చరిత్రకు జరిగిన నష్టంలో దండయాత్రల కంటే ఈ మట్టి తోలకానిది పెద్ద వాటా అని చెప్పినా అతిశయోక్తి కాదు.

పట్టణాల కంటే ముందున్నవి సమాధులు. పెద్ద గుండ్లను వలయంగా పేర్చి, నడుమ రాతి పలకల పెట్టెలో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు ఉంచిన ఇనుప యుగపు సమాధులు నల్లగొండ అంతటా ఉన్నాయి. ఊళ్లలో వాటిని రాక్షసగుళ్లు అంటారు. అంతంత రాళ్లను మామూలు మనుషులు కదిలించలేరన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఇవే కాక, అంతకు ముందటి నవీన శిలాయుగపు మనుషులు నేలలో గుంతలు తవ్వి వేసుకున్న నివాసాల ఆనవాళ్లు, ఇంకా పాతవైన రాతి పనిముట్లు దొరికాయి. ఇదే నదికి ఎగువన, నారాయణపేట జిల్లా ముడుమాలలో, ఆకాశంలో సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు చెక్కిన బండ, దాని చుట్టూ నిలువు రాళ్లు ఉన్నాయి. యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాలకు 2025లో చోటు దక్కింది. జేగురు రంగుతో గీసిన జింకలు, మనుషులు, చేతి ముద్రలు చూడాలంటే ఉత్తరాన భూపాలపల్లి వైపు పాండవుల గుట్టకు వెళ్లాలి. అక్కడి ఇసుకరాయి గొడుగులా ముందుకు పొడుచుకొచ్చి వానను ఆపింది కాబట్టే ఆ రంగు ఇన్ని వేల ఏళ్లు నిలిచింది. గొడుగు లేని బండ మీద గీసిన బొమ్మకు అంత ఆయుష్షు ఉండదు.

ఈ ప్రాంతంలో మనకు బాగా తెలిసిన మొదటి ఖాళీ పట్టణం ఫణిగిరి. సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నాగారం మండలంలో, పాము పడగలా కనిపించే గుట్ట మీద ఉన్న బౌద్ధ క్షేత్రం ఇది. నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ 1940లలో ఇక్కడ మొదటిసారి తవ్వింది. ఆ తర్వాత పని చాలాకాలం ఆగిపోయి, 2001లో మళ్లీ మొదలైంది. మహాస్తూపం, గజపృష్ఠాకారపు చైత్యాలు, భిక్షువులు ఉండే విహారాలు, స్తంభాల మండపం, వాటితోపాటు రెండు వైపులా శిల్పాలు చెక్కిన తోరణపు దూలాలు బయటపడ్డాయి. సాంచి, భర్హుత్‌లలో పేరుపొందిన రాతి తోరణం దక్షిణాదిలో ఇలా దొరకడం చాలా అరుదు. గుట్ట గ్రానైటుది, శిల్పాల రాయి సున్నపురాయి. అంత బరువైన పలకలను కృష్ణా లోయ వైపు నుంచి గుట్ట పైకి చేర్చగల దారి, డబ్బు, పనివాళ్లు ఆనాడు ఫణిగిరికి ఉన్నారన్నమాట.

ఫణిగిరి శాసనాల్లో ఒకదానికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యులలో అగ్రగణ్యుడైన ఒకరు ఇక్కడ ధర్మచక్రాన్ని నిలిపినట్లు అది చెబుతుంది. ఇక్ష్వాకుల చివరి రాజు అంతకాలం పాలించాడని మనకు తెలిసింది ఈ రాతి వల్లనే. 2024 మార్చిలో ఇదే గుట్ట మీద ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. వాటికి ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయినీ చిహ్నం. సీసపు నాణెం చిల్లర నాణెం, రోజువారీ కొనుగోళ్లకు వాడేది. భిక్షువుల గుట్ట మీద ఇంత చిల్లర పోగవడం యాత్రికుల రాకపోకలకూ, గుట్ట కింద అంగళ్లకూ మంచి సాక్ష్యం. రాజశాసనం కన్నా ఈ కుండే ఆనాటి ఫణిగిరి ఎంత సందడిగా ఉండేదో దగ్గరగా చూపిస్తుంది. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళపై జరిగిన ప్రదర్శనకు వెళ్లాయి. ఊరి పేరు ఖండాలు దాటింది. సూర్యాపేట బడి పిల్లల్లో ఆ గుట్ట ఎక్కినవాళ్లు మాత్రం ఇంకా పెరగాలి.

ఫణిగిరి ఒంటరి గుట్ట కాదు. దగ్గరలోనే గాజులబండ, కోదాడకు ఉత్తరాన ఖమ్మం వైపు నేలకొండపల్లి, తూర్పున జగ్గయ్యపేట స్తూపాలు ఉన్నాయి. జగ్గయ్యపేట దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చక్రవర్తిని చెక్కిన ప్రసిద్ధమైన పలక అక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ క్షేత్రాలన్నీ తూర్పు తీరపు రేవుల నుంచి దక్కను లోపలికి వెళ్లే బాటల మీద వెలిసినవి. భిక్షువుకు వర్తకుడి దానం కావాలి, వర్తకుడికి దారిలో బస కావాలి. ఆ బాటలకు రాజధాని కృష్ణ కుడి ఒడ్డున, మిర్యాలగూడకు నైరుతిగా కొండల మధ్య లోయలో ఉన్న విజయపురి. దాన్నే మనం నాగార్జునకొండ అంటున్నాం.

విజయపురి మూడో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం ఆరంభం వరకు ఇక్ష్వాకుల రాజధాని. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని కుమారుడు వీరపురుషదత్తుని కాలంలో రాజవంశపు స్త్రీలు బౌద్ధ విహారాలకు ధారాళంగా దానాలిచ్చారు. లోయలో 30కి పైగా బౌద్ధ కట్టడాలు, హారీతి గుడి, పుష్పభద్రస్వామి ఆలయం, మెట్లు మెట్లుగా కట్టిన ప్రేక్షకశాల, కృష్ణ ఒడ్డున రాతి స్నానఘట్టం ఉండేవి. రోమను బంగారు నాణేలూ దొరికాయి. ఇక్ష్వాకుల తర్వాత ఈ సంపదకు దిక్కు లేకుండా పోయింది. రాజధాని ఇక్కడి నుంచి తొలగగానే దానాలు తగ్గాయి, రోమ్‌తో సముద్ర వ్యాపారమూ అప్పటికే పలచబడింది. కొండల మధ్య లోయ రక్షణకు ఎంత అనువో, దారి మారితే మరుపుకూ అంతే అనువు. పల్నాడు అడవి ఆ లోయను వందల ఏళ్లు కప్పి ఉంచింది. స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య చెప్పిన ఆచూకీ మీద 1926లో శాసన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి అక్కడికి వెళ్లిన తర్వాతే విజయపురి మళ్లీ చరిత్రలోకి వచ్చింది.

కాకతీయుల కాలానికి దారులు మళ్లీ కదిలాయి. ఈసారి పట్టణాలను నిలిపింది చెరువు. పానగల్లులో కందూరు చోడులు, సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు చెరువులు తవ్వించి, వాటి గట్టున గుళ్లు కట్టారు. పిల్లలమర్రిలో కాకతి రుద్రదేవుని కాలపు 1195 నాటి శాసనం, గణపతిదేవుని కాలపు 1208 నాటి శాసనం ఉన్నాయి. ఎరకేశ్వరాలయం, నామేశ్వరాలయం నల్లరాతి స్తంభాల నునుపుకు పేరుపొందినవి. ఇక్కడి గుడి కప్పు రాతి మీద వేసిన క్షీరసాగర మథనం చిత్రం, కాకతీయుల కాలపు రంగు బొమ్మల్లో మిగిలిన బహు కొద్దివాటిలో ఒకటి. నాగులపాడు గుళ్లూ ఆ రేచర్ల వంశం వాళ్లవే. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిలో, మిర్యాలగూడకు దక్షిణంగా, అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. రెండు నదులు కలిసే చోటు పడవల రేవుకు తగినది. ఇవన్నీ పూర్తిగా పాడుబడలేదు. గుళ్లలో దీపం వెలుగుతూనే ఉంది, వాటి చుట్టూ ఉన్న పట్టణాలు మాత్రం పల్లెలుగా కుదించుకుపోయాయి. పూర్తిగా పాడుబడ్డది పడమరన రాచకొండ. పద్మనాయక రాజులకు రాజధానిగా, రసార్ణవసుధాకరం రాసిన సింగభూపాలుని కొలువుగా వెలిగిన ఆ దుర్గం పదిహేనో శతాబ్దంలో బహమనీల వశమైన తర్వాత కోలుకోలేదు. గుట్టల నిండా గోడలు, దర్వాజాలు మిగిలాయి.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ సీమ మీదుగా నడిచిన దారి ప్రపంచంలోని పెద్ద వ్యాపార దారుల్లో ఒకటి. ఒక కొసన గోల్కొండ, మరో కొసన మచిలీపట్నం రేవు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాన్ బాప్తిస్త్ తవెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ దారి లెక్క రాశాడు. సూటిగా పోతే 100 క్రోసులు, వజ్రాల గని మీదుగా పోతే 112. గని దారిలో అతను రాసిన మజిలీలను తర్వాతి పండితులు హయత్‌నగర్, పంతంగి, పానగల్లు, నాగులపాడు, లక్కవరం ఊళ్లుగా గుర్తించారు. చివరి రెండూ నేటి సూర్యాపేట జిల్లాలోవి. అంటే రేచర్ల రెడ్లు గుళ్లు కట్టిన నాగులపాడు మీదుగా, హుజూర్‌నగర్ దగ్గరి లక్కవరం మీదుగా వజ్రాల సంచులు నడిచాయి. లక్కవరం దాటాక దారి అంతా రాళ్లేనని, ఒకటి రెండు చోట్ల తన బండిని విప్పి మోయించాల్సి వచ్చిందని తవెర్నియే రాశాడు. ఆ రాళ్ల మధ్య మంచి మట్టి ఉన్న చోటల్లా రేల చెట్లు ఉన్నాయని, వాటి కాయ గుజ్జు తిన్న పనివాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయని కూడా రాశాడు. హుజూర్‌నగర్ నుంచి కృష్ణ వైపు దిగే నేలను ఎరిగినవాళ్లకు ఆ రాళ్లూ ఆ రేల పూలూ పరిచయమే.

ఆ దారి చేరే చోటు కొల్లూరు. కృష్ణ కుడి ఒడ్డున, నేటి సూర్యాపేట జిల్లా చివరి ఊళ్లకు అవతలి గట్టున ఉండేది. పారశీకంలో కొలూరు అంటారని, ఇక్కడి భాషలో గని అంటారని తవెర్నియే రాశాడు. ఊరికి పేరే గని అయిపోయిందన్నమాట. ఒక పక్క ఊరు, మరో పక్క కొండలు, నడుమ మైదానం. ఆ మైదానంలోని గులకమట్టిలో వజ్రాలు. కొండకు దగ్గరయ్యేకొద్దీ పెద్ద రాళ్లు దొరికేవి, మరీ పైకి ఎక్కితే ఏమీ దొరికేది కాదు. మొదటి రాయి ఎలా దొరికిందో రెండు కథలున్నాయి. చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న పేదవాడికి 25 క్యారెట్ల రాయి కనిపించిందని తవెర్నియే విన్నాడు. మేకలు కాసేవాడి కాలికి మెరిసే రాయి తగిలిందని, కాస్త బియ్యానికి దాన్ని అమ్మేశాడని అతనికంటే ముందు వచ్చిన ఆంగ్లేయుడు విలియం మెథ్‌వోల్డ్ రాశాడు. రెండు కథల్లోనూ రాయి కనుగొన్నవాడు పేదవాడే, లాభం పొందినవాడు వేరేవాడు.

మెథ్‌వోల్డ్ మచిలీపట్నంలోని ఇంగ్లీషు కంపెనీ కోఠీలో 1618 నుంచి 1622 వరకు ఉన్నాడు. డచ్చి కోఠీ అధిపతితో కలిసి గని చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ 30,000 మంది పనిచేస్తున్నారని అతని అంచనా. తవెర్నియే మొదటిసారి వెళ్లేనాటికి ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది. ఈ అంకెలను అక్షరాలా నమ్మనక్కర్లేదు, బాటసారి లెక్కకు పెరుగుదల సహజం. సగానికి సగం తగ్గించినా ఆనాటి దక్కనులో అది నగరమంత జనాభా. కృష్ణ ఒడ్డు రాళ్ల మధ్య అంతమందికి తిండి ఎక్కడిది? బండ్ల మీద, ఎద్దుల మీద చుట్టుపక్కల నుంచి రావలసిందే. గని దారి వజ్రాలను బయటికి పంపడానికి ఎంత అవసరమో, ధాన్యాన్ని లోపలికి చేర్చడానికీ అంతే అవసరం.

పని తీరును తవెర్నియే ఓపికగా చూసి రాశాడు. అతని గ్రంథంలో అన్నిటికంటే విలువైనవి ఈ పుటలే. తవ్వబోయే చోటికి పక్కనే అంతే వైశాల్యంలో నేలను చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కడతారు. గోడ అడుగున రెండేసి అడుగులకు ఒక తూము పెట్టి మూసి ఉంచుతారు. పని మొదలుపెట్టే రోజున గుత్తేదారు తన బంధువులతో వస్తాడు. చిన్న రాతి దేవతను నిలబెట్టి అందరూ మూడుసార్లు సాష్టాంగపడతారు. పూజారి ఒక్కొక్కరి నుదుటా బొట్టు పెట్టి దానికి ఏడెనిమిది బియ్యపు గింజలు అంటిస్తాడు. తర్వాత బంతి కూర్చుని ఆకుల్లో అన్నం, నెయ్యి, చక్కెర తింటారు. ఇక తవ్వకం. మగవాళ్లు పది నుంచి పద్నాలుగు అడుగుల దాకా తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. నీరు పడితే ఆ గుంత పని అయిపోయినట్లే. ఆ నీటినే కుండలతో తోడి, మోసి పోసిన మట్టి మీద పోసి, ఒకటి రెండు రోజులు నాననిస్తారు. పలచబడ్డాక తూములు తెరిచి బురద నీరు వదిలేస్తారు. అడుగున మిగిలిన ఇసుకను ఎండబెట్టి, ధాన్యం తూర్పారబట్టినట్టే చేటలతో చెరుగుతారు. గడ్డలను చెక్క రోకళ్లతో దంచి మళ్లీ చెరుగుతారు. చివరికి పరచిన ఇసుక చుట్టూ కూర్చుని చేతులతో వెతుకుతారు.

ఈ పనిముట్లు అన్నీ రైతు ఇంటివే. పార, గంప, కుండ, చేట, రోకలి. నీరు తోడే యంత్రం లేదు, అందుకే భూజలం తగిలిన చోట గని లోతు ఆగిపోయింది. ఒక గుంత అడుగంటగానే పక్కన మరొకటి తవ్వారు. ఏళ్లు గడిచేకొద్దీ మైదానమంతా గుంతలూ, వాటి పక్కన చెరిగి పారేసిన గులకరాళ్ల కుప్పలూ మిగిలాయి.

డబ్బు లెక్క చూస్తే ఈ పని ఎవరిదో, ఫలం ఎవరిదో తేటపడుతుంది. మెథ్‌వోల్డ్ నాటికి గని గుత్త ఏడాదికి 3,00,000 వరహాలు. పది క్యారెట్లు దాటిన రాయి సుల్తానుకు చెందాలి. కర్నూలు జిల్లా రామళ్లకోటగా గుర్తించే రావల్‌కొండ గనిలో పనిలో ఆరితేరిన కూలీకి ఏడాదికి దక్కేది 3 వరహాలని తవెర్నియే రాశాడు. అంత తక్కువ కూలికి రాయి దాచే ప్రయత్నం జరగకుండా ఉండదు. మింగినవాళ్లూ, కంటి కొలకులో దాచుకున్నవాళ్లూ ఉన్నారని అతనే చెప్పాడు. 1622 ప్రాంతంలో కొల్లూరు గనిని కొంతకాలం మూసేశారు. సరుకు ఎక్కువై ధర పడిపోతుందని కొందరు, మంచి వజ్రాలు కావాలని మొగలు దూత వచ్చి పట్టుబట్టినందుకని మరికొందరు చెప్పుకున్నారు. ఏ కారణం నిజమైనా, దూరాన కొలువులో జరిగిన నిర్ణయం వల్ల కృష్ణ ఒడ్డున వేలమంది ఒక్కసారిగా పనిలేనివాళ్లయ్యే ఏర్పాటు అది.

కొల్లూరు పేరు చెప్పగానే అందరూ కోహినూరు దగ్గరికి వెళతారు. తవెర్నియే రాసింది మీర్ జుమ్లా మొగలు చక్రవర్తికి సమర్పించిన గొప్ప వజ్రం గురించి. ఇరాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగి, గోల్కొండకు మంత్రి అయి, గనుల మీద పట్టు సాధించి, చివరికి మొగలుల పక్షం చేరినవాడు మీర్ జుమ్లా. ఆ వజ్రం కోయకముందు 900 రతీలు, అంటే 787½ క్యారెట్లు. వెనిస్ పనివాడు హోర్తెన్సియో బోర్జియో దాన్ని అరగదీసి చాలా బరువు పోగొట్టాడు. పని చెడగొట్టినందుకు అతనికి 10,000 రూపాయల జరిమానా పడింది. 1665లో తవెర్నియే ఔరంగజేబు కొలువులో ఆ వజ్రాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. కోహినూరు అదేనా, వేరా అన్న వాదం నేటికీ తెగలేదు. మద్రాసు గవర్నరు తామస్ పిట్ 1700 తర్వాత కొన్న 410 క్యారెట్ల రాయి బెజవాడ దారిలోని పరిటాల గనిదని కొందరు, కొల్లూరుదని కొందరు అంటారు. ఫ్రాన్సు రాజకిరీటానికి చేరిన ఆ రీజెంట్ వజ్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

1677లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఒక వివరణ గోల్కొండ రాజ్యంలో 23 వజ్రాల గనులున్నాయని చెప్పింది. పదేళ్లకే, 1687లో, గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. గనులకు పెట్టుబడి పెట్టిన కొలువు, దారికి కాపలా ఇచ్చిన సర్దారులు, రేవులో కొన్న వర్తకులు ఒకరి వెంట ఒకరు చెదిరిపోయారు. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాక యూరపు వర్తకులకు కృష్ణ దాకా రావలసిన పని లేకపోయింది. ఇక్కడ నీటిమట్టానికి పైనున్న గులకపొర అప్పటికే చాలావరకు చెరిగి అయిపోయింది. కొల్లూరు పల్లెగా మిగిలింది, తర్వాత పేరు కూడా జారిపోయింది. తవెర్నియే గ్రంథానికి 1889లో ఇంగ్లీషు అనువాదం తెచ్చిన భూవిజ్ఞాని వాలెంటైన్ బాల్ కృష్ణ ఒడ్డు కొల్లూరే ఆ గని అని నిర్ధారించే వరకు, దాని చోటు గురించి యూరపు పండితులు తలో మాట చెబుతూ వచ్చారు. నిజాం సర్కారు మాత్రం మరవలేదు. ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నప్పుడు వజ్రాలున్న పరిటాల, దాని చుట్టుపక్కల ఊళ్లను తన దగ్గరే ఉంచుకుంది. చుట్టూ బ్రిటిషు కృష్ణా జిల్లా ఉండగా, కోదాడ నుంచి బెజవాడ పోయే దారిలో ఆ కొన్ని గ్రామాలు స్వాతంత్ర్యం వచ్చేదాకా నిజాం గడ్డగానే ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాత స్థలాలకు నీటి గండం వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. విజయపురి లోయ మునుగుతుందని ముందే తెలుసు కాబట్టి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ లోయలో వందకు పైగా చోట్ల తవ్వింది. తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీద మళ్లీ నిలబెట్టింది, మరికొన్నిటికి నమూనాలు కట్టింది. నాగార్జునకొండ ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపం, దాని మీద మ్యూజియం. ఎడమ ఒడ్డున, నల్లగొండ వైపు, ఏలేశ్వరానికి రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ పూనుకున్నాడు. శ్రీశైలం ఉపద్వారాల్లో ఒకటిగా శైవులు కొలిచే ఆ ఊరి కింద రాతియుగం నుంచి మధ్యయుగం దాకా వరుసగా పొరలు దొరికాయి. 1963లో దాని మీద గ్రంథం వచ్చింది. ఆ పని ఈనాటి పాఠకుడికి పొడి నివేదికలా కనిపించవచ్చు. అది లేకపోతే ఏలేశ్వరం గురించి మాట్లాడటానికి గట్టు మీది గుడి తప్ప ఏమీ మిగిలేది కాదు.

1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టలను వరి మాగాణిగా మార్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా ఎదిగింది ఆ నీటితోనే. విజయపురిని ముంచిన నీరే ఈ పట్టణాలకు తిండి పెట్టింది. పాత స్థలాల గురించి రాసేవాళ్లు ఈ లెక్కలో ఒక వైపు మాత్రమే చూపడం న్యాయం కాదు.

కొల్లూరు వంతు 2013లో వచ్చింది. పులిచింతల దగ్గర కట్టిన కె.ఎల్. రావు సాగర్ ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. అవతల గుంటూరు వైపు కొల్లూరు, ఇవతల నాటి నల్లగొండ జిల్లాలోని నెమలిపురి, వెల్లటూరు, అడ్లూరు వంటి ఊళ్లు ముంపులోకి పోయాయి. జనం పునరావాస కాలనీలకు కదిలారు. మఠంపల్లి మండలంలో ఒడ్డున ఉన్న మట్టపల్లి నరసింహస్వామి గుడి నిలిచింది. నాగార్జునకొండకు దక్కిన ఆరేళ్ల తవ్వకం, రాయి రాయి విప్పి మోసిన శ్రద్ధ కొల్లూరు గనికి దక్కలేదు. గుడిని, స్తూపాన్ని కాపాడాలన్న పట్టుదల మన శాఖలకు ఉంది. అరవై వేలమంది చెమటోడ్చిన గుంతలను, చెరిగిన గులక కుప్పలను, కూలీల ఇళ్ల పునాదులను చారిత్రక కట్టడంగా చూసే అలవాటు ఇంకా రాలేదు. తూములు పెట్టిన ఆ రెండడుగుల గోడల్లో ఒక్కదాన్నైనా తవ్వి, కొలిచి, పటం గీసి ఉంటే తవెర్నియే మాటను మట్టితో సరిచూసే అవకాశం ఉండేది.

గనుల కథ మాత్రం ఈ సీమలో ఆగలేదు. ఇక్ష్వాకుల శిల్పులు చెక్కిన జాతి సున్నపురాయినే ఇప్పుడు మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు తవ్వి కాలుస్తున్నాయి. దేవరకొండ వైపు లంబాపూర్, పెద్దగట్టులో అణు ఖనిజ సంస్థ యురేనియం నిల్వలను గుర్తించింది. సాగర్ నీటికి ప్రమాదమని స్థానికులు గట్టిగా వ్యతిరేకించడంతో అక్కడ గని తెరుచుకోలేదు. వజ్రాలను లోతు నుంచి పైకి మోసుకొచ్చే లాంప్రాయిట్ శిలల కోసం భూవిజ్ఞానులు ఈ సీమకు రెండు చివర్లా వెతికారు. జగ్గయ్యపేట వైపు ఒక సమూహం, హాలియా దగ్గర రామడుగు, యాచారం, సోమవారిగూడెం చుట్టూ మరో సమూహం దొరికాయి. కొల్లూరు గులకలోకి వజ్రాలు ఏ తల్లిరాయి నుంచి కొట్టుకొచ్చాయో తేల్చే పరిశోధనకు ఆ రెండూ ఇప్పుడు ఆధారం.